పుంజులు మూడు, పిల్లలు నాలుగు

పెరటి కోళ్లు: మీ ప్రశ్నలు, అక్క జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం, పెట్టిన గుడ్లన్నీ ఎందుకు పిల్లలు కాలేదన్నవే. ఎండాకాలం పోయాక ప్రతి ఏడూ ఇంతే. ఉరవకొండ నుంచి వచ్చిన ఉత్తరానికి కాస్త పెద్ద జవాబు రాశాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు, మీరు అడిగిన దాంట్లో చాలావరకు అందులోనే ఉంది.

అక్కా, మాకు తొమ్మిది నాటు పెట్టలు, నాలుగు గ్రామప్రియ పెట్టలు, రెండు కడక్‌నాథ్ పెట్టలు ఉన్నాయి. పుంజులు మూడు: ఒకటి అసీలు, ఒకటి గ్రామప్రియ, ఇంకొకటి మా ఇంట్లోనే పుట్టిన నాటు పుంజు. అన్నీ కలిసే తిరుగుతాయి. మే నెలలో ఒక నాటు పెట్ట కింద 12 గుడ్లు పెడితే నాలుగే పిల్లలయ్యాయి, మిగతావి పారేశాం. గుడ్లు పది రోజులుగా వంటింట్లో గిన్నెలో దాచినవే. పుంజుల్లో ఏమైనా తేడా ఉందా? పుట్టిన పిల్లలు ఏ జాతివో కూడా తెలియడం లేదు. – ఒక గృహిణి, ఉరవకొండ

పారేశాం అన్నారు చూడమ్మా, అది చదివి నాకు ఉసూరుమనిపించింది. ఆ ఎనిమిది గుడ్లను పెరట్లో ఒక మూలకు తీసుకుపోయి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక్కొక్కటే పగలగొట్టి చూసి ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో మీకే తెలిసిపోయేది. లోపల తెల్లసొన పచ్చసొన తప్ప ఇంకేమీ లేకపోతే ఆ గుడ్డుకు పుంజు కలవలేదన్నమాట. సన్నగా రక్తపు గీత ఉంగరంలా చుట్టుకుని ఉంటే జీవం పడింది గానీ మొదటి నాలుగైదు రోజుల్లోనే పోయింది. ఈకలతో సహా పూర్తి పిల్ల తయారై లోపలే చచ్చిపోయి ఉంటే చివరి రోజుల్లో ఏదో జరిగింది: తేమ చాలలేదు, లేదా పెట్ట గుడ్లు వదిలేసి లేచింది. ఈ మూడింటికీ మందు వేరువేరు. వాసన వస్తుంది, నిజమే, కానీ ఈసారి తప్పకుండా పగలగొట్టి చూడండి.

మీరు రాసినదాన్ని బట్టి నా మొదటి అనుమానం పుంజుల మీద కాదు, ఆ వంటింటి గిన్నె మీద. కోడి కూర్చుంటేనే గుడ్డులో కదలిక మొదలవుతుందని మనం అనుకుంటాం. అలా ఉండదు, చుట్టూ వేడి 21 డిగ్రీలు దాటితే చాలు, లోపలి పిండం మెల్లగా మేలుకోవడం మొదలుపెడుతుంది. అది పెరగడానికి కావలసింది 37.5 డిగ్రీల వేడి, అదీ నిలకడగా. మే నెలలో మన అనంతపురం వైపు ఎండ 40 దాటుతుంది, వంటింట్లో పొయ్యి వేడి దానికి తోడు, రాత్రికి కాస్త దిగి పొద్దున్నే మళ్లీ ఎక్కుతుంది. ఆ పిండం నిద్రపోనూ లేదు, సరిగ్గా పెరగనూ లేదు, రోజూ అలా ఊగిసలాడి మీరు కోడి కింద పెట్టేసరికే సగం చచ్చి ఉంటుంది. పొదిగేసే గుడ్లు దాచడానికి మా ఇంట్లో మూతి వెడల్పున్న ఒక పాత మట్టికుండ ఉంది, అడుగున జానెడు ఇసుక పోసి తడిపి, ఆ ఇసుక మీద పాత గోనెపట్టా మడిచి వేసి, గుడ్లు వెడల్పు వైపు పైకి వచ్చేట్టు నిలబెట్టి, పైన పల్చటి బట్ట కప్పి గాలి తగిలే నీడలో పెడతాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఇసుక తడపాలి, గుడ్డుకు నీళ్లు తగలకూడదు. ఫ్రిజ్‌లో పెట్టినవి తినడానికే, పొదగడానికి అంత చలి పనికిరాదు. గుడ్లు కడగొద్దు కూడా, పైనున్న సన్నటి పొర పోతే క్రిములు లోపలికి దారి చేసుకుంటాయి. రెట్ట అంటినవి కూరకు తీసేయండి. ఇన్ని చేసినా ఎండాకాలంలో నాలుగైదు రోజులు, చలికాలంలో వారం, అంతకు మించి దాచకండి. లెక్క సులువే, మొదట పెట్టినవి వండుకోండి, చివర పెట్టినవి పొదిగేయండి. చాలా ఇళ్లలో దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు, మొదటి గుడ్డు నుంచీ దాచిపెట్టి తాజావి అట్టు వేసుకుంటారు!

రెండో అనుమానం. పొదిగే పెట్ట ఉన్న గంప అందరికీ అందేచోటే పెట్టి ఉంటారు. కోళ్లకు ఒక పాడు అలవాటు ఉంది, గుడ్లున్న చోటే ఇంకో గుడ్డు పెట్టాలనిపిస్తుంది వాటికి. మీ తల్లికోడి మేతకు లేచినప్పుడు గ్రామప్రియ వచ్చి అందులో గుడ్డు పెట్టి పోతుంది. అలా మూడో రోజు ఒకటి, ఎనిమిదో రోజు ఒకటి చేరతాయి. కింద గుడ్లు ఎక్కువై కొన్ని అంచుకు జరిగి చల్లబడతాయి, ఇవాళ అంచున ఉన్నది రేపు లోపలికి వస్తుంది, అలా మంచివీ పోతాయి. 21వ రోజున నాలుగు పిల్లలు కిచకిచమనగానే తల్లి వాటిని తీసుకుని లేచిపోతుంది, వెనక మొదలైన గుడ్లు సగంలో ఆగిపోతాయి. అందుకని పొదిగేసే రోజున ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో అడ్డంగా ఒక గీత గీయండి, రోజూ తల్లి లేచినప్పుడు గీత లేనివి తీసేయండి. అంతకంటే మేలు, ఆ పెట్టను మిగతా కోళ్లు రాని గదిలోకి మార్చడం. పగలు మారిస్తే తిరిగి పాతచోటుకే పరిగెడుతుంది, చీకటి పడ్డాక మార్చితే నెమ్మదిగా సర్దుకుంటుంది.

ఏడో రాత్రి ఒక పని చేయండి. లైటు ఆర్పేసి, ఫోన్ టార్చి వేసి దాని మీద పిడికిలి బిగించి, పిడికిలి సందులో గుడ్డు వెడల్పు వైపు ఆనించండి. గుడ్డంతా ఎర్రగా వెలుగుతుంది. జీవం ఉన్న గుడ్డులో ఒక నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెగూడు అల్లినట్టు ఎర్రటి నరాలు కనిపిస్తాయి, కాస్త తిప్పితే ఆ చుక్క ఉలిక్కిపడుతుంది. మా చిన్నమ్మాయికి మొదటిసారి చూపిస్తే ఆ తర్వాత నెల రోజులు అట్టు ముట్టలేదు, అది వేరే కథ. ఏమీ లేకుండా ఖాళీగా వెలిగేవి తీసేయండి. మిగిలిన వాటికి వేడి సరిగ్గా అందుతుంది. మన పొడి గాలికి చివరి మూడు రోజులు గంప చుట్టూ నేల మీద నీళ్లు చిలకరించడం మర్చిపోకండి.

ఇప్పుడు మీ పుంజుల సంగతి. 15 పెట్టలకు మూడు పుంజులు ఎక్కువే, నాటు రకాల్లో ఒక మంచి పుంజు ఎనిమిది పది పెట్టలకు సరిపోతుంది. ఎక్కువైతే ఎక్కువ గుడ్లకు జీవం పడుతుందనుకుంటారు, జరిగేది వేరు. సాయంత్రం నాలుగున్నర అయిదప్పుడు ఒక అరగంట మెట్టు మీద కూర్చుని చూడండి. నాటు పుంజు పెట్ట మీదికి ఎక్కగానే అసీలు ఎక్కడున్నా వచ్చి ఒక్క తన్ను తన్నుతుంది. అది దిగిపోతుంది, పెట్ట పారిపోతుంది. ముగ్గురి మధ్య ఎవరి పనీ కాదు.

జాతి ఏదో తెలియడం లేదన్నారు. తెలియదమ్మా, మూడు పుంజులు కలిసి తిరిగితే ఎవరికీ తెలియదు. ఇందులో నేను కాస్త మొండిగానే మాట్లాడతాను: రకరకాల కోళ్లు పెరట్లో కలిసి తిరగడం తప్పు కాదు, పగలు ఒకే చోట మేయనివ్వండి, కానీ తండ్రి ఎవరో మీరు నిర్ణయించాలి. గ్రామప్రియ, వనరాజ లాంటివి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారు చేసిన సంకర రకాలు. పెరట్లో గ్రామప్రియ ఏడాదికి 150 పైనే గుడ్లు పెడుతుంది, నాటుది 50, 60 దగ్గర ఆగిపోతుంది. కానీ ఆ గుణం దాని పిల్లల్లో అలాగే నిలబడదు. గ్రామప్రియ పుంజును ఉంచుకుని దాని పిల్లలూ 150 పెడతాయని ఎదురుచూస్తే నిరాశే. పైగా ఇవి పొదగవు, కడక్‌నాథ్ కూడా అంతే, పొదిగే ఓపిక మన నాటు పెట్టలదే. కాబట్టి గ్రామప్రియ పెట్టలు గుడ్లకు, నాటు పెట్టలు పొదగడానికి, పుంజు ఒక్కటే. కోడిమాంసానికి బరువు కావాలంటే అసీలు, లేదంటే మీ నాటు పుంజు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. పుంజును తీసేసిన మర్నాటి నుంచే గుడ్లు కొత్త పుంజువి కావు. పెట్ట ఒంట్లో పాత పుంజు బీజం రెండు మూడు వారాలు నిలవుంటుంది. వద్దనుకున్న రెండు పుంజులనూ వేరు చేసి, మూడు వారాలు గుడ్లు తిని, ఆ తర్వాత పెట్టినవే పొదిగేయండి. పిల్లల కాలికి ఏడాదికో రంగు ఊలుదారం వదులుగా కట్టండి, కాలు లావయ్యేకొద్దీ మార్చకపోతే దారం కోసుకుపోతుంది.

అక్కా, ఆదోని నుంచి రాస్తున్నాను. అయిదేళ్లుగా మా దగ్గర ఒక డేగ (ఎర్ర ఈకల) పుంజు ఉంది, ఊళ్లో అందరూ మెచ్చుకునే పుంజు. మొదట్లో పిల్లలు రాళ్లలా ఉండేవి. ఇప్పుడు పుట్టేవి చిన్నవిగా, కాళ్లు సన్నగా, వారానికే రెండు మూడు పోతున్నాయి. మేత తక్కువ చేయలేదు. ఏం లోపం? – ఒక రైతు

అన్నా, ఈ అయిదేళ్లలో బయటి నుంచి ఒక్క పెట్టనైనా తెచ్చారా? ఉత్తరంలో రాయలేదు, తేలేదనే అనుకుంటున్నాను. అలాగైతే ఇప్పుడు మీ పెరట్లో ఉన్న పెట్టల్లో చాలావరకు ఆ డేగ కూతుళ్లే, మనవరాళ్లే. మనం మేనరికాలకే వెనకాముందూ ఆలోచిస్తున్న రోజులివి, కోళ్ల దగ్గరికి వచ్చేసరికి తండ్రికే కట్టబెడుతున్నాం. తండ్రి కూతుళ్ల కలయికలో పుట్టిన పిల్లల్లో దగ్గరి రక్తం కలిసిన లెక్క 25 శాతం. వాటిని మళ్లీ అదే పుంజు కిందికి తెస్తే 37.5కు ఎక్కుతుంది. ముందు గుడ్లలో జీవం తగ్గుతుంది, తర్వాత పిల్లలు పీలగా వస్తాయి, రోగాన్ని తట్టుకోలేవు. మీరు రాసినవన్నీ అవే గుర్తులు.

పుంజు మంచిదే, చోటు మారాలి. పక్క ఊళ్లో బావగారో మేనమామో కోళ్లు పెంచుతుంటే ఆయన పుంజు మీకు, మీ డేగ ఆయనకు. ప్రతి ఉగాదికి మార్చుకునే పద్ధతి పెట్టుకోండి, గుర్తుంటుంది. సంతలో కొనడం మాత్రం చివరి దారి, ఎందుకో కింద ప్రొద్దుటూరు వాళ్లకిచ్చిన జవాబులో రాశాను. పందేనికి ఏ రంగు ఎప్పుడు గెలుస్తుందని కూడా వెనక పేజీలో అడిగారు. అది నేను చెప్పను, చట్టం ఒప్పుకోదు, నాకూ ఇష్టం లేదు.

మాకు ప్రొద్దుటూరులో ఇంటి వెనక రెండు సెంట్ల పెరడుంది. పది నాటు కోళ్లున్నాయి. వాటితోపాటే టర్కీలు ఒక జత, బాతులు నాలుగు పెంచాలని ఉంది. కలిపి ఉంచవచ్చా? నూనె గానుగ చెక్క, నూకలు మాకు తేలిగ్గానే దొరుకుతాయి. – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

టర్కీలు వద్దు తమ్ముడూ. బాతుల సంగతి మాట్లాడుకుందాం.

కోళ్ల పేగుల్లో ఉండే ఒక చిన్న పురుగు గుడ్లతో పాటు ఇంకో సూక్ష్మజీవి కూడా రెట్టలో బయటికి వస్తుంది. కోడికి దానితో పెద్దగా ఏమీ కాదు. అదే నేల మీద టర్కీ మేస్తే కాలేయం పుండై, గంధకం రంగులో పచ్చగా రెట్ట వేసి, రెక్కలు వాల్చి చచ్చిపోతుంది. ఆ పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి ఇవాళ కోళ్లను తీసేసి రేపు టర్కీలను దించినా లాభం లేదు. రెండు సెంట్లలో వాటికి వేరే నేల ఎక్కడ చూపిస్తారు?

చెక్క తేలిగ్గా దొరుకుతుందన్నారు, అది చదివాక ఇంకా భయమేసింది. ఒక ఏడు నేను ఆరు టర్కీ పిల్లలు తెచ్చాను, కోళ్లకు దూరంగా వేరే దొడ్లోనే పెట్టాను. అప్పుడే ఒక నూనె గానుగ దగ్గర శెనక్కాయ చెక్క చవగ్గా ఇస్తుంటే ఒక మూట తెచ్చుకున్నా. మూట అడుగున చెక్క బిళ్లలు కాస్త పచ్చగా బూజు పట్టి ఉన్నాయి, ఎండలో వేసి దులిపి పెట్టేశాను. కోళ్లు తిన్నాయి, తిరిగాయి. టర్కీలు పది రోజుల్లో ఆరూ పోయాయి. తర్వాత పశువుల డాక్టరుగారు కాలేయం కోసి చూపించి బూజు విషం అన్నారు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ పిల్లలు కారణం తెలియకుండా చచ్చిపోతే వెతికి వెతికి తేల్చింది ఇదేనట, బ్రెజిల్ నుంచి వచ్చిన శెనక్కాయ చెక్కలో బూజు. అఫ్లాటాక్సిన్ అనే పేరు అప్పుడు పుట్టిందే. ఎండబెట్టినా ఉడికించినా బూజు పోతుందేమో గానీ ఆ విషం పోదు. బాతుపిల్లలు, టర్కీ పిల్లలు దీనికి అందరికంటే ముందు పోతాయి, కోడి కొంత తట్టుకుంటుంది. వానలో తడిసిన కాయలు, బూజు వాసన వచ్చే చెక్క ఎవరు ఉచితంగా ఇచ్చినా తేవద్దు.

బాతులు పెంచండి, కానీ నీళ్లతొట్టి కోళ్ల గూటికి ఎదురు మూలన పెట్టండి. అవి ముక్కు ముంచి విదిలించి చుట్టూ బురద చేస్తాయి, ఆ తడిలో కోడిపిల్లలకు రక్తపు పారుడు వస్తుంది. మగబాతు ఒకటే ఉండాలి, ఆడవి మూడు. మగవి ఎక్కువైతే కోడిపెట్టల మీదికి వస్తాయి, మగబాతు ఒంటి తీరు వేరు, పెట్టకు లోపల గాయమవుతుంది. బాతుగుడ్లు నాటు పెట్ట కింద పెట్టుకోవచ్చు, 28 రోజులు పడుతుంది, అయిదారు గుడ్లకు మించి పెట్టొద్దు. ఆ తర్వాత వేడుక చూడాలి మీరు. పిల్లలు మూడో రోజుకే తొట్టి ఎక్కి నీళ్లలో దూకుతాయి, తల్లికోడి గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తుతూ కొకొక్ కొకొక్ అని ఒకటే గోల, మా పెట్ట ఒకటి రెక్కలు తడుపుకుని మెడదాకా దిగింది పాపం. తొట్టిలో పిల్లలు తిరిగి ఎక్కడానికి ఒక కడప బండముక్క వాలుగా వేసి ఉంచండి.

సంత మాట చెప్తానన్నాను. ఏ రకమైనా కొత్తగా తెచ్చినదాన్ని మూడు వారాలు వేరే ఉంచండి, దాని గిన్నె, దాని నీళ్లు వేరు, ముందు మీ పాతవాటికి మేత వేశాకే దాని దగ్గరికి వెళ్లండి. సంతలో పది ఊళ్ల కోళ్లు ఒకే గంపలో కూర్చుని వస్తాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మన కర్నూలు నగరంలోనూ బయటపడింది. బాతులు ఆ వైరస్‌ను పైకి ఏ గుర్తూ కనపడకుండా మోయగలవు కూడా. ఒకేసారి నాలుగైదు పోతే కోసుకోవడాలు, కాలువలో వేయడాలు చేయకుండా 1962కు ఫోన్ చేయండి, పశువుల డాక్టరుగారికి చెప్పండి.

అక్కా, మాకు పన్నెండు పిల్లలున్నాయి. కొక్కెర రోగం టీకా వేయిద్దామంటే మందు సీసా వంద కోళ్లకు వస్తుందట. పన్నెండు పిల్లలకు సీసా కొనాలా? – ఒక విద్యార్థిని, కమలాపురం

కొనాలమ్మా, కానీ ఒక్కదానివే కాదు. వీధిలో ఎవరెవరికి పిల్లలున్నాయో కనుక్కుని ఒకే సాయంత్రం అందరివీ వేయించండి, తలా కొంచెం పడుతుంది. మందు కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, అంతసేపూ ఐసుగడ్డల్లోనే ఉండాలి, జేబులో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే టీకా వేసినట్టు ఉంటుంది గానీ పని చేయదు. అయిదో రోజు నుంచి ఏడో రోజులోపు లసోటా అనే కొక్కెర టీకా ఒక చుక్క కంట్లోనో ముక్కులోనో, రెండు వారాలకు గంబోరో రోగం టీకా, నాలుగు వారాలకు మళ్లీ లసోటా, ఆరు వారాలకు అమ్మోరు రాకుండా ఒకటి, ఎనిమిది వారాలు నిండాక రెక్క దగ్గర చర్మం కింద ఆర్ టూ బీ సూది, అదీ కొక్కెరకే. ఆర్ టూ బీ ముందే వేస్తే పిల్లలకు టీకాతోనే రోగం వస్తుంది, తొందరపడొద్దు. అప్పటికే తూగుతున్నదానికి, మెడ వాల్చినదానికి టీకా వేయకూడదు.

సంతలో కడక్‌నాథ్ గుడ్లని చెప్పి ఒక్కోటి 50 రూపాయలకు అమ్మారు. గుడ్డు కూడా నల్లగా ఉంది. పుట్టిన పిల్లలు మాత్రం మామూలుగా ఉన్నాయి. మోసమా? – జమ్మలమడుగు

మోసమే. కడక్‌నాథ్ కోడి నలుపు, మాంసం నలుపు, గుడ్డు మాత్రం లేత గోధుమ రంగే. నల్ల గుడ్డు అంటే రంగు వేసిందే. ఆ పిల్లల నాలుక, కాళ్లు చూడండి, మరకలు మరకలుగా నలుపుంటే కడక్‌నాథ్ నాటుతో కలిసి పుట్టినవి, అదీ లేకపోతే వట్టి నాటువి. పెంచుకోండి, కూర బాగానే ఉంటుంది.

గిన్నీ కోళ్లలో పుంజేదో పెట్టేదో ఎలా తెలుస్తుంది? రెండూ ఒకేలా ఉన్నాయి. – రాయదుర్గం

చూసి కాదు, విని. రెండు నెలలు దాటాక పొద్దున్నే గూటి దగ్గర నిలబడండి. టక్, టక్ అని ఒకటే ముక్క అరిచేది ఎవరైనా కావచ్చు, బెదిరితే రెండూ అలాగే అరుస్తాయి. కానీ రెండు ముక్కలుగా, రెండో ముక్క పైకి లేపి కూసేది పెట్ట ఒక్కటే. ఆ కూత వినపడగానే పట్టుకుని కాలికి దారం కట్టేయండి. మళ్లీ గుంపులో కలిసిందంటే ఇంకో పొద్దు ఎదురుచూడాలి.